యిడ్డిష్ పాట: సేకరణ, సంతాపం, సమకాలీన ప్రదర్శన

కీవ్ నగరంలో న్యాయవాదిగా ఉన్న మార్క్ వర్షావ్‌స్కీ (1848–1907) తాను కట్టిన యిడ్డిష్ పాటలను చాలాకాలం స్నేహితుల ఇళ్లలో పాడుకున్నారే తప్ప అచ్చు వేయించాలని తలచలేదు. వాటి విలువను గుర్తించి, 1900 ప్రాంతంలో అవి పుస్తకరూపం పొందేలా ప్రోత్సహించి, ముందుమాట కూడా రాసినవారు సుప్రసిద్ధ కథకులు షోలెం అలైఖెం. వర్షావ్‌స్కీ పాటల్లో అత్యంత ప్రచారం పొందినది ‘ఓయ్‌ఫ్న్ ప్రిపెచిక్’. చలికాలంలో పొయ్యి వెచ్చదనాన పిల్లలను కూర్చోబెట్టుకొని పంతులు అక్షరాలు నేర్పడం దాని వస్తువు. ఆ అక్షరాల్లో ఎంత దుఃఖం దాగి ఉందో పెద్దయ్యాక తెలుస్తుందన్న హెచ్చరిక చివరలో ఉన్నప్పటికీ, ఆనాటి శ్రోతలకు అది ప్రధానంగా బడి పాట, ఇంటి పాట. 1993లో వచ్చిన ‘షిండ్లర్స్ లిస్ట్’ చలనచిత్రంలో క్రాకోవ్ గెట్టో నిర్మూలన దృశ్యం వెనుక అదే పాట పిల్లల గొంతులతో వినిపిస్తుంది. ఈ తొమ్మిది దశాబ్దాల్లో పాటలోని మాటా మారలేదు, వరుసా మారలేదు. బడి పాట మాత్రం చరమగీతమైంది.

నేడు వేదికపై యిడ్డిష్ పాట పాడే ప్రతి గాయకుడూ ఈ మార్పును ఎదుర్కోవలసిందే. పెళ్లి పాట పాడినా, తాగుబోతు పాట పాడినా, యజమానిపై కోపంతో దర్జీ పనివారు కట్టిన పాట పాడినా, శ్రోత దానిలో ముందుగా వినేది ఒక జాతి విధ్వంసాన్ని. ఆ వినికిడికి లొంగిపోతే పాటలోని హాస్యం, శృంగారం, తిట్టు, ఎత్తిపొడుపు అన్నీ మరుగున పడిపోతాయి. దానిని పూర్తిగా నిరాకరిస్తే చరిత్రను పక్కకు తోసినట్లవుతుంది. గత నాలుగు దశాబ్దాల యిడ్డిష్ గాన ప్రదర్శన చరిత్ర చాలావరకు ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నాల చరిత్రే.

యిడ్డిష్ మధ్యయుగాల జర్మన్ మాండలికాల నుంచి రూపొంది, హీబ్రూ, అరమాయిక్, స్లావిక్ పదజాలాన్ని కలుపుకొని, హీబ్రూ లిపిలో వెలసిన భాష. తూర్పు ఐరోపా యూదులకు ఇంటి భాష, అంగడి భాష ఇదే. ప్రార్థనకూ శాస్త్రపఠనానికీ హీబ్రూ ఉండగా, నవ్వుకూ ఏడుపుకూ యిడ్డిష్ ఉండేది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు దీనిని మాట్లాడేవారి సంఖ్య కోటి దాటింది. నాజీలు హతమార్చిన దాదాపు 60 లక్షల యూదుల్లో అత్యధికులు యిడ్డిష్ వ్యవహర్తలు. మిగిలినవారి పిల్లలు సోవియట్ దేశంలో రష్యన్‌కూ, అమెరికాలో ఇంగ్లీషుకూ, ఇజ్రాయెల్‌లో హీబ్రూకూ మళ్లారు. యునెస్కో తన అంతరించిపోతున్న భాషల పట్టికలో యిడ్డిష్‌ను చేర్చింది. భారతదేశపు యూదు సముదాయాలైన కొచ్చిన్ యూదులు, బెనె ఇజ్రాయెల్, బాగ్దాదీలు ఈ భాషా పరిధిలోని వారు కారు. అందువల్ల మన పాఠకులకు ఈ పాటల పరిచయం స్వల్పమే.

కాగితం మీది మాట, మైనపు స్తూపం మీది గొంతు

యిడ్డిష్ జానపద గేయ సేకరణలో తొలి పెద్ద సంపుటం 1901లో సెంట్ పీటర్స్‌బర్గ్‌లో వెలువడింది. సావుల్ గింజ్‌బుర్గ్, పేసాఖ్ మారెక్ అనే ఇద్దరు చరిత్రకారులు పత్రికల ద్వారా పాఠకులకు విజ్ఞప్తి చేసి, వారు పంపిన 376 పాటలను ప్రకటించారు. అయితే అందులో పాఠాలే ఉన్నాయి, వరుసలు లేవు. మాటను పదిలపరిచి రాగాన్ని గాలికి వదిలిన ఈ లోటు తరువాతి కాలపు గాయకులను ఎంతగా ఇబ్బంది పెట్టిందో ముందు తెలుస్తుంది. న్యూయార్క్‌లో వలసవచ్చిన వారి నోట విని వై. ఎల్. కాహాన్ 1912లో ప్రకటించిన సంపుటాల్లో వరుసలకు కూడా చోటు దక్కింది.

అదే కాలంలో మరో వివాదం నడిచింది. వర్షావ్‌స్కీ పాటలను ‘జానపద గేయాలు’ అనే పేరుతో ప్రచురించడాన్ని సంగీతవేత్త యోయెల్ ఎంగెల్ తప్పుపట్టారు. ఒక వ్యక్తి కట్టిన పాట జానపదం ఎలా అవుతుందన్నది ఆయన ఆక్షేపణ. ప్రజలు తమదిగా పాడుకుంటున్నది ప్రజల పాట కాక మరేమిటన్నది షోలెం అలైఖెం సమాధాన సారాంశం. కాలం తీర్పు రెండోవారి వైపే మొగ్గింది. వర్షావ్‌స్కీ పేరు తెలియకుండానే ఆయన పాట ఖండాలు దాటింది. ‘సంప్రదాయ గీతం’, ‘సమకాలీన గీతం’ అనే విభజన యిడ్డిష్ విషయంలో మొదటి నుంచీ పలుచనిదే అనడానికి ఈ వివాదం మంచి సాక్ష్యం.

1912–1914 మధ్య రచయిత, జానపద పరిశోధకుడు ఎస్. ఆన్‌స్కీ నాయకత్వంలో ఒక బృందం ఉక్రెయిన్‌లోని వోలిన్, పొడోలియా ప్రాంతాల్లో ఊరూరా తిరిగింది. ఫోనోగ్రాఫ్ యంత్రంతో మైనపు స్తూపాలపై పాటలను ధ్వనిముద్రణ చేసింది. మొదటి ప్రపంచయుద్ధం ఆ పనిని మధ్యలోనే నిలిపివేసింది. దానిని కొనసాగించిన మహావిద్వాంసుడు మోషె బెరెగోవ్‌స్కీ (1892–1961). కీవ్‌లో ఆయన చేసిన సేకరణ పరిమాణంలోనూ శాస్త్రీయతలోనూ సాటిలేనిది. సోవియట్ వ్యవస్థలో ఆయన 1934లో ప్రకటించిన తొలి సంపుటం కార్మిక, విప్లవ గీతాలతో మొదలు కావడం యాదృచ్ఛికం కాదు. ఏ పాటను ముందు అచ్చు వేయాలో నిర్ణయించింది పండితుడొక్కడే కాదు, ప్రభుత్వం కూడా. ఆ జాగ్రత్త కూడా ఆయనను కాపాడలేదు. 1950లో అరెస్టు చేసి సైబీరియా శిబిరానికి పంపారు. 1955లో విడుదలయ్యారు. తన సేకరణ నశించిందనే విశ్వాసంతోనే కన్నుమూశారు. ఆ స్తూపాలు, చేతిరాతలు 1990 దశకంలో కీవ్‌లోని వెర్నాద్‌స్కీ జాతీయ గ్రంథాలయంలో బయటపడ్డాయి. 2005లో యునెస్కో ఆ భాండాగారాన్ని ప్రపంచ స్మృతి పట్టికలో నమోదు చేసింది.

విల్నా గెట్టోలో కవిగా, తరువాత అడవుల్లో గెరిల్లాగా పోరాడిన ష్మెర్కె కచెర్‌గిన్‌స్కీ సేకరణ మరో కోవకు చెందినది. గెట్టోల్లో, శిబిరాల్లో పుట్టిన పాటలను బతికి బయటపడ్డవారి నోట విని ఆయన రాసుకున్నారు. ఆ మహాసంపుటం 1948లో న్యూయార్క్‌లో వెలువడింది. నేడు సంస్మరణ సభల్లో వినిపించే పాటల్లో పెద్ద భాగానికి ఆధారం ఈ పుస్తకమే. 1954లో అర్జెంటీనాలో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన మరణించారు.

సంతాపగీతంగా మారిన వైనం

గెట్టో పాటల స్వభావాన్ని నిదానంగా పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. వాటిలో చాలా వాటికి వరుస అరువు తెచ్చుకున్నదే. విల్నా గెట్టోలో 1943లో ఇరవై ఏళ్లు దాటీదాటని హిర్ష్ గ్లిక్ రాసిన గెరిల్లాల గీతానికి సోవియట్ సంగీతకారులు పోక్రాస్ సోదరుల బాణీ ఆధారం. కౌనాస్ గెట్టోలో ‘ఓయ్‌ఫ్న్ ప్రిపెచిక్’ వరుసకే గెట్టో ద్వారం గురించి కొత్త పాట కట్టారు. తెలిసిన వరుసలో తెలియని భయాన్ని పలకడం, పాత పాటను వెక్కిరిస్తూనే దానిపై ప్రేమను చాటుకోవడం యిడ్డిష్ గానంలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. గెట్టో దానిని మరింత పదునెక్కించింది. అంటే ఆ పాటలు పుట్టిననాడు అవి కేవలం విలాపాలు కావు. తిండి దొంగచాటుగా తెచ్చుకోవడం, కాపలాదారును ఎగతాళి చేయడం, రేపటిపై పందెం కాయడం, అన్నీ వాటిలో ఉన్నాయి.

యుద్ధానంతర వేదిక వాటిలో ఒక పొరనే ఎంచుకుంది. క్రాకోవ్ వడ్రంగి మొర్దెఖై గెబీర్తిగ్ (1877–1942) ఇందుకు విచారకరమైన ఉదాహరణ. స్వరలిపి రాయడం తెలియని గెబీర్తిగ్ చిన్న పిల్లనగ్రోవిపై వరుస కట్టుకుంటే, సంగీతం తెలిసిన మిత్రులు దానిని రాసిపెట్టేవారు. జోలపాటలు, బాల్యస్మృతులు, ప్రేమ కలహాలు, నిరుద్యోగి గోడు, జేబుదొంగ ఆత్మకథ ఇవన్నీ ఆయన పాటల్లో ఉన్నాయి. 1936లో ప్షితిక్ పట్టణంలో జరిగిన యూదు వ్యతిరేక హింసాకాండ నేపథ్యంలో వచ్చిన ‘స్‌బ్రెంట్’ (మండుతోంది) వాటిలో ఒకటి మాత్రమే. 1942 జూన్ 4న క్రాకోవ్ గెట్టోలో నాజీ సైనికులు ఆయనను కాల్చి చంపారు. ఆ మరణం వల్ల ‘స్‌బ్రెంట్’ ఆయన ప్రతినిధి రచన అయిపోయింది. సభల్లో అది వినిపిస్తుంది. జేబుదొంగ పాట అరుదుగా వినిపిస్తుంది.

అయితే సంతాపగానాన్ని ఒక మూస అని తేలికగా కొట్టివేయడం సబబు కాదు. సోవియట్ దేశంలో సంతాపం తెలపడమే నేరానికి దగ్గరగా ఉండేది. లిథువేనియాకు చెందిన గాయని నెఖామా లిఫ్‌షిత్స్ (1927–2017) 1950 దశకం ద్వితీయార్ధం నుంచి యిడ్డిష్ కచేరీలు చేసేవారు. కీవ్ శివార్లలోని బాబీ యార్ లోయలో చంపబడ్డ బిడ్డకు తల్లి పాడే జోలపాటను ఆమె అదే కీవ్ నగరంలో 1959లో పాడినప్పుడు అధికారులు ఆగ్రహించారు, తదుపరి కచేరీలకు అడ్డుపడ్డారు. ఆ లోయ వద్ద నాటికి స్మారకచిహ్నం కూడా లేదు. అటువంటి చోట సంతాపగీతం సంప్రదాయ పాలన కాదు, సాహసం. ఒకే పాట న్యూయార్క్ సభలో ఆనవాయితీగానూ, కీవ్ సభలో ధిక్కారంగానూ వినబడగలదు. పాడిన స్థలాన్ని వదిలి పాటను మాత్రమే విశ్లేషించే పద్ధతి ఇక్కడ చాలదు.

జర్మనీ పరిస్థితి మరింత జటిలం. ఆష్విట్జ్, బెర్గెన్-బెల్సెన్ శిబిరాల నుంచి బతికి బయటపడ్డ డచ్ గాయని లిన్ యాల్దాతి (1912–1988) తూర్పు బెర్లిన్‌లో స్థిరపడి దశాబ్దాల పాటు యిడ్డిష్ పాటలు పాడారు. పశ్చిమ జర్మనీలో ‘సుప్ఫ్‌గైగెన్‌హన్సెల్’ అనే జానపద గాయక జంట 1979లో యిడ్డిష్ పాటల రికార్డు విడుదల చేసి యువతలో కొత్త ఆసక్తి రేపింది. పాడేవారు, వినేవారు అత్యధికంగా యూదులు కాని సమాజం అది. యిడ్డిష్ జర్మన్‌కు దగ్గరగా ఉండటంతో శ్రోతకు సగం అర్థమైనట్లే ఉంటుంది. ఆ ‘సగం’ ప్రమాదకరం. గాయకులు ఉచ్చారణను తెలియకుండానే జర్మన్ వైపు లాగుతారు. హీబ్రూ మూలం గల మాటలు నోట తడబడతాయి. హంతకుల భాషకు దగ్గరి చుట్టమైన భాషలో హతుల పాటను వారి వారసులు పాడటం పశ్చాత్తాపమా, స్వాధీనమా అన్న వాదన ఇంకా తెగలేదు. దీనికి చర్చల కన్నా మంచి జవాబు వైమార్ నగరంలో ఏటా జరిగే యిడ్డిష్ వేసవి శిక్షణ శిబిరం ఇస్తున్నదనాలి. అక్కడ పాటకన్నా ముందు భాష నేర్పుతారు.

నోటి నుంచి నోటికి

1970 దశకం చివర అమెరికాలో మొదలైన ‘క్లెజ్‌మర్’ పునరుజ్జీవనం ప్రధానంగా వాద్య సంగీతానిది. పెళ్లి మేళగాళ్ల క్లారినెట్, ఫిడేలు బాణీలను యువకులు పాత గ్రామఫోన్ రికార్డుల నుంచి నేర్చుకున్నారు. వాద్యానికి భాష అడ్డురాదు, పాటకు వస్తుంది. అందుకే గానం కొంత వెనుకబడింది. ఆ వెలితిని గుర్తించినవారిలో గాయని, అధ్యాపకురాలు ఏడ్రియన్ కూపర్ (1946–2011) ముఖ్యులు. హెన్రీ సపోజ్నిక్‌తో కలిసి ఆమె ప్రారంభించిన ‘క్లెజ్‌క్యాంప్’ 1984 డిసెంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్స్‌కిల్స్ కొండల్లో మొదటిసారి జరిగింది. 2014 వరకు కొనసాగింది. వృద్ధ గాయకులనూ యువ విద్యార్థులనూ ఒకే కప్పు కింద వారం రోజులు ఉంచడమే దాని అసలు పాఠ్యప్రణాళిక.

మైకేల్ ఆల్పర్ట్ అనుభవం ఈ పద్ధతి ఫలితాన్ని చూపుతుంది. ఉక్రెయిన్‌లోని హోలొవానివ్స్క్ నుంచి బ్రూక్లిన్‌కు వచ్చిన బ్రోన్యా సాకినా (1910–1988) దగ్గర ఆయన పాటలు నేర్చుకున్నారు. ఆమె వృత్తి గాయని కాదు. పియానో తోడు లేకుండా, తాళానికి కట్టుబడకుండా, మాట నడకను బట్టి పాటను సాగదీస్తూ కుదిస్తూ పాడే ఇంటి ఆడవారి బాణీ అది. సంగీత కళాశాలల్లో తర్ఫీదు పొందిన కచేరీ గాయకులు ఈ బాణీని చాలాకాలం మొరటుగా భావించారు. వారు దిద్ది తీర్చిన ‘కళాగీతం’లో వరుస మిగిలింది, గొంతులోని విరుపు పోయింది. ‘క్రెఖ్ట్స్’ అని పిలిచే ఆ విరుపు, వెక్కిని మధ్యలో నొక్కినట్లుండే ఆ ధ్వని, ఏ స్వరలిపిలోనూ ఇమడదు. మన సంగీతజ్ఞులకు ఈ మాట సులభంగా బోధపడుతుంది. గమకం లేని స్వరపంక్తి రాగం కాదు కదా. పోలిక అక్కడితో ఆగదు. యిడ్డిష్ పాటల్లో తరచుగా వినిపించే ‘ఫ్రైగిష్’ అనే స్వరశ్రేణి స్థానాలు కర్ణాటక సంగీతంలోని వకుళాభరణంతోను, ‘మి షెబెరఖ్’ స్థానాలు హేమవతితోను సరిపోతాయి. అయితే ఇది స్వరస్థానాల సామ్యమే గాని సంచారంలోనూ ప్రయోగంలోనూ వాటి దారులు వేరు.

ఉచ్చారణ విషయంలో గాయకుల ముందున్న సమస్య ఇంకొకటి. 1925లో విల్నాలో స్థాపించబడిన ‘యివో’ పరిశోధన సంస్థ ప్రామాణిక భాషను స్థిరపరచింది. నేటి తరగతుల్లో నేర్పేది దాదాపు అదే. పాటల్లో అధికభాగం పుట్టింది మాత్రం ఉక్రెయిన్, పోలండ్ మాండలికాల్లో. ‘మంచి’ అనే అర్థంలో ప్రామాణిక భాషలో ‘గుట్’ అంటే దక్షిణ మాండలికాల్లో ‘గిట్’ అంటారు. ప్రామాణికంగా పాడితే అంత్యప్రాస చెడుతుంది. మాండలికంలో పాడితే తరగతిలో నేర్చుకున్న శ్రోత తడబడతాడు. ఈ చిక్కులో ప్రాస వైపు, అంటే పాట పుట్టిన ఊరి వైపు నిలబడే గాయకుల సంఖ్య పెరగడం ఇటీవలి మంచి పరిణామం. రూత్ రూబిన్ (1906–2000) వలసదారుల ఇళ్లకు వెళ్లి చేసిన ధ్వనిముద్రణలు యివో ద్వారా అంతర్జాలంలో అందరికీ అందుబాటులోకి రావడంతో ఆ ఊరి గొంతు వినే అవకాశం ఏర్పడింది.

కొత్త పాట

బుకోవినా ప్రాంతపు గాయని లిఫ్‌షె షెఖ్టర్-విడ్మన్ (1893–1973) పాటలను 1954లో న్యూయార్క్‌లో ధ్వనిముద్రణ చేశారు. ఆమె కుమార్తె బైలె షెఖ్టర్-గాటెస్‌మన్ (1920–2013) వియన్నాలో పుట్టి, చెర్నొవిట్స్‌లో పెరిగి, అక్కడి గెట్టోలో బతికి, 1951లో న్యూయార్క్ చేరారు. తల్లి దగ్గర విన్న పాటలను విద్యార్థులకు నేర్పుతూనే తానుగా పాటలు రాసి వరుసలు కట్టారు. శరదృతువుపై ఆమె రాసిన ‘హార్బ్స్ట్‌లిడ్’ను పలు దేశాల గాయకులు పాడుతున్నారు. 2003 నాటి ఆమె పాటల సంపుటి పేరు ‘నగర వీధుల్లో’. కోల్పోయిన గ్రామాన్ని తలచుకునే భాషగా అందరూ భావించే యిడ్డిష్‌లో ఆమె న్యూయార్క్ వీధిని పాడారు. 2005లో అమెరికా ప్రభుత్వం ఆమెకు జాతీయ వారసత్వ పురస్కారం ప్రదానం చేసింది. వర్షావ్‌స్కీ విషయంలో లాగే ఆమె పాటలు కూడా కొందరి నోట ‘సంప్రదాయం’గానే చెలామణి అవుతున్నాయి. రచయిత్రికి ఇంతకన్నా పెద్ద గుర్తింపు ఉండదు.

డెట్రాయిట్‌లో పుట్టి జర్మనీలో స్థిరపడ్డ డేనియల్ కాన్ మార్గం వేరు. యిడ్డిష్ పాటలోని చరణాలకు తన ఇంగ్లీషు అనువాదాన్ని పక్కపక్కనే అల్లి పాడతారు. అనువాదం కింద వచ్చే అక్షరాల పట్టీ కాకుండా పాటలో భాగమవుతుంది. పాత కార్మిక గీతాల్లోని వెటకారం ఆ పద్ధతిలో శ్రోతకు వెంటనే తగులుతుంది, నవ్వు సరైన చోట వస్తుంది. సంతాప సభ మర్యాదను భంగపరిచే ఆ నవ్వే ఆయన ప్రదర్శనల విలువ.

జెఫ్రీ షాండ్లర్ 2006లో ప్రకటించిన గ్రంథంలో నేటి యిడ్డిష్ స్థితిని ‘వ్యవహారోత్తర’ స్థితిగా అభివర్ణించారు. భాషలో చెప్పే విషయంకన్నా ఆ భాషను ఎంచుకోవడమే ముఖ్యార్థంగా మారిన దశ అని దాని తాత్పర్యం. ఎక్కువమంది శ్రోతలకు సంబంధించి ఇది సరైన నిర్ధారణే. అయితే బ్రూక్లిన్, యాంట్‌వర్ప్, లండన్, జెరూసలెం నగరాల్లోని హసీదీ కుటుంబాలకు యిడ్డిష్ నేటికీ నిత్యవ్యవహార భాష. అక్కడి పిల్లలు దానిలోనే పోట్లాడుకుంటారు. భక్తిగీతాలు, పిల్లల పాటలు, పెళ్లి పాటలు వారి మధ్య కొత్తగా పుడుతూనే ఉన్నాయి. పురుషుల ఎదుట స్త్రీ పాడరాదన్న నియమం, లౌకిక వినోదంపై అయిష్టత కారణంగా ఆ గానానికీ కచేరీ వేదికకూ మధ్య రాకపోకలు తక్కువ. ఒక భాషకు రెండు సంగీత ప్రపంచాలు ఏర్పడ్డాయి. ఒకదానిలో భాష ఉంది, పాత లౌకిక గీతం లేదు. రెండోదానిలో గీతం ఉంది, ఇంటి భాష లేదు. పరిశోధకులు రెండోదానినే ‘యిడ్డిష్ గానం’గా పరిగణించి మొదటిదాన్ని విస్మరించడం ఇప్పటివరకు వచ్చిన అధ్యయనాల్లో పెద్ద లోపం.

వరుస లేని పాటలు

టొరంటో విశ్వవిద్యాలయ ఆచార్యులు ఆన్నా ష్టెర్న్‌షిస్ కీవ్ గ్రంథాలయంలో చూసిన బెరెగోవ్‌స్కీ కాగితాల్లో రెండో ప్రపంచయుద్ధ కాలపు పాటలున్నాయి. ఎర్రసైన్యపు సైనికులు, మధ్య ఆసియాకు తరలిపోయిన శరణార్థులు, ఆక్రమిత ఉక్రెయిన్‌లో ప్రాణాలు దక్కించుకున్నవారు వాటి కర్తలు. ఆడవారు, పిల్లలు కట్టినవీ వాటిలో ఉన్నాయి. హిట్లర్‌ను బూతులు తిట్టేవి, శత్రువుపై పగ తీర్చుకున్నందుకు గర్వించేవి, కర్మాగారంలో రాత్రిపని గురించి వాపోయేవి, సైనికుడి పెళ్లాం ఎదురుచూపును చెప్పేవి కనిపిస్తాయి. సంఘటనలు జరుగుతుండగానే పుట్టిన ఈ పాటల్లో తరువాతి కాలపు సంస్మరణ మర్యాద లేదు. ఎవరు చస్తారో ఎవరు బతుకుతారో పాడేవారికి తెలియదు కనుక ఆశ, ద్వేషం, వెకిలితనం పక్కపక్కనే ఉన్నాయి.

వాటిలో చాలా వాటికి మాటలే దొరికాయి, వరుసలు దొరకలేదు. గింజ్‌బుర్గ్–మారెక్ సంపుటంలోని లోటే మళ్లీ ఎదురైంది. మాస్కోకు చెందిన భాషాశాస్త్రజ్ఞుడు, గాయకుడు ప్సోయ్ కొరొలెంకో ఒక్కొక్క పాట ఛందస్సును, ఆ కాలంలో ప్రచారంలో ఉన్న సోవియట్, యిడ్డిష్ బాణీలను సరిపోల్చి వరుసలు కుదిర్చారు. అరువు వరుసకు కొత్త మాట కట్టడం ఆ సంప్రదాయంలోనే ఉన్నందున ఈ పద్ధతికి శాస్త్రీయమైన సమర్థన ఉంది. అయినా ప్రతి జోడింపూ ఊహే. ‘యిడ్డిష్ గ్లోరీ’ పేరుతో 2018లో వెలువడిన ఆ సంకలనం గ్రామీ పురస్కారానికి నామనిర్దేశం పొందింది. దానితో ఆ పాటలు కచేరీల్లోకి, తరగతుల్లోకి, శిక్షణ శిబిరాల్లోకి ప్రవేశించాయి. ఈ గీతాలను నేర్చుకుంటున్న యువగాయకులకు కొరొలెంకో కుదిర్చిన వరుసే పాట వరుస. 1940 దశకంలో ఎవరో శరణార్థి ఏ బాణీలో పాడుకుందో అది వేరు కావచ్చు, అదే కావచ్చు. బెరెగోవ్‌స్కీ కాగితాలపై ఆ గడి ఖాళీగానే ఉంది.